గూడెం మనిషినే ఆరోగ్య కార్యకర్తగా తయారుచేయడం: ఎంపిక నుంచి రెండో ఏడాది దాకా

పాడేరు వైపు కొండల మీద గానీ, భద్రాచలం అవతల వాగుల మధ్య గానీ ఒక చిన్న గూడెం అనుకోండి. ముప్పై గడపలు. జీపు వచ్చే రోడ్డు రెండు కిలోమీటర్ల కిందే ఆగిపోతుంది. పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పోవాలంటే గెడ్డ (కొండవాగు) దాటాలి. ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రం నర్సు (ఏఎన్‌ఎం) నెలకోసారి వస్తుంది, వానలు పడితే అదీ కుదరదు. రాత్రి పదింటికి ఏడు నెలల బిడ్డ డొక్కలెగరేస్తుంటే చూడటానికి ఆ ముప్పై గడపల్లో ఉన్నవాళ్లే దిక్కు. వాళ్లలో ఒక్కరికి ఊపిరి లెక్కపెట్టడం తెలిస్తే బిడ్డను అప్పుడే ఆస్పత్రికి బయల్దేరదీస్తారు. తెలియకపోతే పొద్దున చూద్దాంలే అంటారు.

ఆ ఒక్కరిని ఎలా తయారుచేయాలో, ఇన్నేళ్లుగా ఏజెన్సీ గ్రామాల్లో శిక్షణలు ఇస్తూ నేను నేర్చుకున్నంత మేరకు రాస్తున్నాను. స్వచ్ఛంద సంస్థలవాళ్లు, పీహెచ్‌సీ డాక్టర్లు, తమ పంచాయతీకి ఏదైనా చేయాలనుకునే యువకులు దీన్ని వాడుకోవచ్చు.

దారి చూపినవాళ్లు మనకు దగ్గర్లోనే ఉన్నారు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970లో పని మొదలుపెట్టిన రజనీకాంత్, మాబెల్ అరోలే దంపతులు నర్సులు పల్లెల్లో ఉండటానికి ఇష్టపడకపోవడం చూసి, ఆ పల్లెల ఆడవాళ్లకే పని నేర్పారు. చాలామందికి చదువు రాదు, చాలామంది దళితులు. మన తెలంగాణ సరిహద్దులోని గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్‌ల ‘సెర్చ్’ సంస్థ 1990ల్లో 39 గ్రామాల్లో స్థానిక మహిళలకు పసిబిడ్డల సంరక్షణ నేర్పింది. వెయ్యి జననాలకు 62 దాకా ఉన్న నవజాత శిశు మరణాలు మూడేళ్లలో 25 దగ్గరికి వచ్చాయి. అదే జిల్లా సిరోంచ వైపు తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరో ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ 2002లో మితానిన్ అనే ఆరోగ్య కార్యకర్తల కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఊరికి ఒకరు అనకుండా వాడకు ఒకరిని తీసుకుంది. 2005లో వచ్చిన ఆశా (ఊరి మహిళనే ప్రభుత్వం ఆరోగ్య కార్యకర్తగా పెట్టే) వ్యవస్థకు ఈ అనుభవాలే పునాది.

వీటన్నిటిలో నాకు కనిపించింది ఒకటే. నేర్పిన రోజుల లెక్క కన్నా, నేర్పాక ఆమె వెనక ఎవరైనా నిలబడ్డారా అన్నదే ఫలితాన్ని తేల్చింది. కింద చెప్పే ప్రతి అడుగునూ ఆ కంటితో చదవండి.

1. ఇప్పటికే ఎవరున్నారో చూడండి

ఆశా కార్యకర్త ఉన్నచోట ఇంకొకరిని పోటీగా పెట్టొద్దు. ముందు పీహెచ్‌సీకి వెళ్లి ఏ గూడెం ఏ ఆశా కింద ఉందో జాబితా తీసుకోండి. నిబంధన ప్రకారం మైదానంలో వెయ్యి జనాభాకు ఒక ఆశా. కొండ, గిరిజన ప్రాంతాల్లో నివాసానికి ఒకరిని పెట్టుకోవచ్చు. అయినా ఒక్కో ఆశా ఐదారు గూడేలు తిరగాల్సిన చోట్లు మన ఏజెన్సీలో కనిపిస్తూనే ఉంటాయి. ఆమె ఉండేది ఒక గూడెంలో, మిగతావి గుట్ట అవతల. మీ కార్యకర్త అవసరం అక్కడ.

మెడికల్ ఆఫీసర్, ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచర్ నలుగురితోనూ మాట్లాడి, కొత్త మనిషి ఏం చేస్తుందో, ఏం చేయదో కాగితం మీద రాసుకోండి. జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు, గిరిజన ప్రాంతాల అభివృద్ధి చూసే ఐటీడీఏకు ఆ కాగితం అందాలి. మందులు చేతికిచ్చేటప్పుడు ఈ అనుమతి లేకపోతే పని మధ్యలో ఆగిపోతుంది.

2. ఎంపిక గూడెం చేయాలి

1977లో కేంద్రం ఊరికొక ఆరోగ్య కార్యకర్త అని పథకం తెచ్చింది. మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయలు. ఎంపికైనవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు, అందులోనూ ఊరి పెద్దలకు కావాల్సినవాళ్లు. గర్భిణి ఇంటికి వాళ్లు వెళ్లలేరు, వెళ్లినా ఆమె ఏం చెప్పుకుంటుంది? ఆ తప్పు మళ్లీ చేయకూడదు.

గూడెంలో మీటింగ్ పెట్టాలంటే అందరూ ఇంటి దగ్గరుండే రోజు చూసుకోండి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో, తునికాకు కోసే మే నెలలో ఎవరూ దొరకరు. ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడగండి: “రాత్రిపూట పాపకు బాగోలేకపోతే ముందు ఎవరి తలుపు కొడతారు?” రెండు మూడు పేర్లు వస్తాయి. నా అనుభవంలో ఆ పేర్లు, పెద్దమనుషులు మొదట చెప్పిన పేర్లు ఒకటైన సందర్భాలు తక్కువ.

పెళ్లయి ఆ ఊళ్లోనే స్థిరపడినవాళ్లు ఎక్కువకాలం ఉంటారు కాబట్టి ఆశా ఎంపికలో పెళ్లయినవాళ్లకు, భర్త లేనివాళ్లకు మొగ్గు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు మాత్రం పెళ్లిని అర్హతగా పెట్టొద్దన్నాయి. నేనైతే మనిషిని చూస్తాను. చదువు విషయం కూడా అంతే. పదో తరగతి పాసైన అమ్మాయి దొరికితే సంతోషం. దొరకనిచోట నలుగురూ నమ్మే నలభై ఏళ్ల ఆవిడను వదులుకోవద్దు, ఆమెకు చదువుకున్న కూతురినో కోడలినో తోడుగా చూడండి. ఒక్కోసారి మంత్రసానే అందరికన్నా మంచి ఎంపిక అవుతుంది.

భర్తతో, అత్తతో మాట్లాడకుండా ఎవరినీ ఖాయం చేయొద్దు. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని ఆమెతో వెళ్లాల్సింది వాళ్లే.

3. పని చిన్నదిగా మొదలుపెట్టండి

మొదటి ఏడాదికి ఐదు పనులు చాలు: గర్భిణులను గుర్తించి కాన్పు దాకా వెంట ఉండటం, పుట్టిన బిడ్డను 42 రోజుల దాకా చూడటం, విరేచనాలు, దగ్గు–ఆయాసం, చలిజ్వరం (మలేరియా). బీపీ, షుగర్, క్షయ మందులు, సికిల్‌సెల్ (వంశపారంపర్య రక్త జబ్బు) కేసుల వాకబు రెండో ఏడాది కలపండి. ఒకేసారి అన్నీ నెత్తిన పెడితే ఆమె రిజిస్టర్లు రాసే మనిషిగా మిగిలిపోతుంది.

4. శిక్షణ రోజులను విడగొట్టండి

ఆశాల తొలి శిక్షణ 23 రోజులు, ఏడాది పొడవునా విడతలుగా ఇవ్వాలని పెట్టారు. జామ్‌ఖేడ్‌లో ఆడవాళ్లు వారం వారం వచ్చి నేర్చుకుని ఊరికెళ్లి చేసేవారు. ఆ పద్ధతే మంచిది. నేను పాటించేది ఇది: మొదట ఐదు రోజులు, ఆ తర్వాత నెలకు రెండు రోజుల చొప్పున పది నెలలు. ప్రతి విడతలో ఒకే విషయం. ఊరికెళ్లాక నెలంతా దాని మీదే సాధన. చలిజ్వరం పాఠం జూన్‌లో వానలు పడకముందే అయిపోవాలి.

గుంపులో పదహారు మందికి మించి వద్దు, ఇద్దరు ముగ్గురు నేర్పేవాళ్లు ఉండాలి. చంటిబిడ్డలున్న తల్లులు బిడ్డతోనే వస్తారు, చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టండి. ఆ బిడ్డలే మీ పాఠానికి పనికొస్తారు కూడా.

భాష సంగతి తేలిగ్గా తీసుకోకండి. మొదట్లో నేను రెండు రోజుల పాటు గర్భిణుల ప్రమాద సూచనలు తెలుగులో చెప్పాను. అందరూ తలూపారు. మూడో రోజు పొద్దున ఒకామెను తిరిగి చెప్పమంటే చాలాసేపు మౌనంగా ఉండి, పక్కామెతో వాళ్ల కువి భాషలో ఏదో అంది. ‘మూర్ఛ’ అని నేను వాడిన మాట వాళ్లకు ఏ అర్థమూ ఇవ్వలేదు. ఆ రోజంతా పాఠం ఆపేసి, ప్రతి లక్షణానికీ కువిలో, ఆదివాసీ ఒడియాలో వాళ్లు ఏమంటారో రాసుకున్నాం. అప్పటినుంచి ఏ గుంపుకైనా మొదటి రోజు పని అదే: కోయ అయినా, గోండి అయినా, ఒంట్లో బాగోలేనప్పుడు వాడే మాటల పట్టిక వాళ్ల చేతే తయారు చేయించడం.

5. చేతులకు పని నేర్పండి

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలి. చెప్పడం పావు వంతు, చేయించడం ముప్పావు వంతు.

*ఊపిరి లెక్క.* రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు లేదా అంతకన్నా ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 ఊపిరులు తీస్తుంటే వేగంగా ఉన్నట్టు. ఈ అంకెలు అరగంటలో కంఠస్థం అవుతాయి. లెక్కపెట్టడం మాత్రం అరగంటలో రాదు. ఒకసారి తల్లి ఒడిలో నిద్రపోతున్న నాలుగు నెలల పాపను ముగ్గురి చేత విడివిడిగా లెక్కపెట్టించాను. ఒకరు 58, ఒకరు 44, ఒకరు 36 అన్నారు. కారణం పక్కన కూర్చుని చూస్తేనే తెలిసింది. పాప మీద కప్పిన తువ్వాలు ఎవరూ తీయలేదు. 36 అన్నామె పాప తల వైపు నిలబడింది, వెలుతురు ఆమె వెనక నుంచి వచ్చి తన నీడే పొట్ట మీద పడుతోంది. 58 అన్నామె ఊపిరి లోపలికి, బయటికి రెండూ లెక్కలో వేస్తూ, మధ్యలో గుర్తుకొచ్చి మానేసింది. చొక్కా పైకెత్తించి, వెలుతురు పొట్ట మీద పడేలా పక్కకు కూర్చోబెట్టి, పొట్ట పైకి లేచినప్పుడల్లా ఒకటి అని నిమిషం నిండా లెక్కపెట్టిస్తే ముగ్గురూ 42, 43 దగ్గరికి వచ్చారు. పాలు తాగుతున్నప్పుడు, ఏడుస్తున్నప్పుడు లెక్క పనికిరాదు. ఎక్కువ వస్తే కాసేపాగి రెండోసారి చూడాలి. ఇరవై మంది పిల్లలను చూశాకే ఆమెకు వచ్చిందని నమ్మండి.

అంకెలు రానివాళ్లకు గడ్చిరోలిలో ఇసుక గడియారం, పూసలు కలిపిన పరికరం చేశారు. పది ఊపిరులకు ఒక పూస జరుపుతారు. ఇసుక అయ్యేలోపు ఎర్ర పూస జరిగితే న్యుమోనియా అని అర్థం. పదిదాకా లెక్క వస్తే చాలు.

ఊపిరి లెక్క ఎంతున్నా సరే, ఊపిరి తీసినప్పుడు డొక్క లోపలికి పోతుంటే, బిడ్డ పాలు పట్టకపోతే, ఫిట్స్ వస్తే, మగతగా పడి ఉంటే వెంటనే ఆస్పత్రికి పంపాలి.

*ఓఆర్ఎస్.* పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలని అందరూ చెప్తారు. ఆ ఇంట్లో లీటరు కొలత ఎక్కడిది? నీళ్లు తక్కువైతే ఉప్పెక్కువై బిడ్డకు ప్రమాదం, ఎక్కువైతే మందు పలచబడిపోతుంది. అందుకని కార్యకర్త లీటరు నీళ్ల బాటిల్ ఒకటి చంకన పెట్టుకుని ప్రతి ఇంటికీ వెళ్లాలి. ఆ ఇంటి బిందెలో, గిన్నెలో పోసి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ మేకుతో గీత గీయాలి. ఇది మొదటి నెల ఇంటిపని. గూడెంలో అన్ని ఇళ్లూ తిరగడానికి దీనికన్నా మంచి సాకు ఉండదు, ఆమె వచ్చిందని అందరికీ తెలుస్తుంది. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. జింకు మాత్ర 14 రోజులు: రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 20 మిల్లీగ్రాముల మాత్రలో సగం, ఆరు నెలలు దాటితే మొత్తం. విరేచనాలు తగ్గగానే తల్లులు మాత్ర ఆపేస్తారు, కాబట్టి ఏడో రోజు మళ్లీ వెళ్లి అట్ట చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకైతే ఆస్పత్రే.

*పసిబిడ్డ.* ఇంట్లో కాన్పయితే 1, 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, ఆస్పత్రిలో అయితే 3వ రోజు నుంచి మొదలుపెట్టి అవే రోజుల్లో ఇంటికి వెళ్లాలి. ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగడం, బరువు చూడటం, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూడటం, పాలు పట్టేటప్పుడు పక్కన కూర్చోవడం. రెండున్నర కిలోల లోపైతే బరువు తక్కువ. తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనించి కట్టుకోవడం చేయించి చూపాలి. 1.8 కిలోల కన్నా తక్కువుంటే ఆస్పత్రికి. పాలు తాగడం తగ్గినా, ఏడుపు బలహీనమైనా, కాళ్లూ చేతులూ వేలాడినా, ఒళ్లు చల్లబడినా, పొట్ట ఉబ్బినా, బొడ్డు దగ్గర చీము పట్టినా అదే దారి. ఒక్కటి కనిపించినా ఆగొద్దు.

బరువు తూచే జోలెను మొదట బియ్యం మూటతో, తర్వాత బొమ్మతో, ఆ తర్వాతే బిడ్డతో సాధన చేయించండి. ఖాళీ జోలెతో ముల్లు సున్నా దగ్గరుందో లేదో చూడటం అలవాటు కావడానికే రెండు విడతలు పడుతుంది.

*చలిజ్వరం.* వేలిపై సూది గుచ్చి కిట్ మీద రక్తపు చుక్క వేయడం తేలిక. కిట్ మీద రాసిన సమయానికి, మామూలుగా 15–20 నిమిషాలకు, గీతలు చూడటం కష్టం. ఈలోపు మేకలు తోలుకురావడానికి వెళ్తుంది, గంట తర్వాత చూస్తే లేని గీత కనిపించవచ్చు. పెట్టిన టైం కిట్ మీదే పెన్నుతో రాయించండి. కిట్లు రేకుల కప్పు కింద అటక మీద పెట్టొద్దు, వేడికి పాడవుతాయి. చికిత్స మందులు వయసును బట్టి రంగు మారే ప్యాకెట్లలో వస్తాయి. గర్భిణికి, ఏడాదిలోపు బిడ్డకు ప్రైమాక్విన్ ఇవ్వకూడదన్నది ఆమెకు నిద్రలో లేపి అడిగినా గుర్తుండాలి.

*జబ్బ కొలత.* పై చేయి చుట్టుకొలతను రంగుల టేపుతో చూడటం, ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లలకు. 11.5 సెంటీమీటర్ల లోపైతే తీవ్రమైన పోషణ లోపం, 12.5 లోపైతే మధ్యస్థం. టేపు బిగించి లాగితే పచ్చలో ఉన్న బిడ్డ కూడా పసుపులోకి వస్తాడు. అది ఒక్కటి సరిచూస్తే చాలు.

ఇంజెక్షన్ల జోలికి వెళ్లొద్దు. గడ్చిరోలిలో నేర్పారు నిజమే, కానీ అక్కడ గట్టి పర్యవేక్షణ ఉంది. అనుమతి లేకుండా మీరు చేస్తే మీ కార్యకర్తనే ఇబ్బందుల్లోకి నెట్టినవాళ్లవుతారు.

6. ఇంట్లో మాట్లాడటం నేర్పండి

ముర్రుపాలు పిండి పారబోసే అత్తతో ఎలా మాట్లాడాలి? “అలా చేయకూడదు పెద్దమ్మా” అంటే మాట అక్కడితో తెగిపోతుంది. శిక్షణలో ఇద్దరిని అత్తాకోడళ్లుగా కూర్చోబెట్టి నటింపజేయండి. మా గుంపులో ఒకామె అత్త పాత్రధారిని ఇలా అడిగింది: “అత్తా, నీ చేతుల మీద ఇంతమంది పుట్టారు. పుట్టిన దూడను పాలు తాగకుండా ఎప్పుడన్నా ఆపామా?” నేను పదేళ్లు చెప్పినా అంత బాగా చెప్పలేను. వాళ్ల దగ్గరున్న ఇలాంటి మాటలు బయటికి వచ్చేలా చూడటమే నేర్పేవాళ్ల పని.

వాతలు పెట్టడం లాంటి హాని చేసే పనుల మీద మాత్రం మెతకగా ఉండొద్దు. ఊళ్లో పూజలు చేసే వడ్డెను, నాటువైద్యుణ్ణి ఒక రోజు శిక్షణకు పిలవండి. పూజ చేయండి, కానీ డొక్కలెగరేసే బిడ్డను ఆలస్యం చేయకుండా పంపించండి అని అడగండి. గౌరవంగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

7. పంపే దారి ముందే వేసుకోండి

జబ్బు గుర్తించి, పంపడానికి దారి లేకపోతే ఆ తెలివి ఆమెకు శిక్షే అవుతుంది. ప్రతి గూడేనికీ ఒక కాగితం తయారు చేయండి: ఫోన్ సిగ్నల్ ఏ రాయి దగ్గర దొరుకుతుంది, 108 ఎక్కడిదాకా వస్తుంది, ఫీడర్ బైక్ అంబులెన్స్ ఉందా, డోలీ మోయడానికి ఏ నలుగురు కుర్రాళ్లు ఒప్పుకున్నారు, వాగు పొంగితే ఏ దారి. వానాకాలంలో కాన్పు తేదీ పడేవాళ్లను ముందుగానే గర్భిణుల వసతి గృహానికి పంపాలి. ఇంట్లో మిగిలిన పిల్లలను ఎవరు చూస్తారన్నది తేలితేనే ఆమె కదులుతుంది, అదీ కార్యకర్తే మాట్లాడి కుదర్చాలి.

ఆస్పత్రిలో ఆమె ఇచ్చిన చీటీకి విలువుండాలి. ఒక పెద్దాసుపత్రిలో మా కార్యకర్త తెచ్చిన బిడ్డను గంటసేపు ఎవరూ పట్టించుకోలేదు, ‘నువ్వెవరు’ అని అడిగారు. ఆ తర్వాత ఆమె రెండు నెలలు ఎవరినీ పంపలేదు. అప్పటినుంచి శిక్షణలో ఒక రోజు ఆస్పత్రికే తీసుకెళ్తున్నాం. డ్యూటీ నర్సులకు పేరుపేరునా పరిచయం చేస్తాం. కాన్పుల గదిలో, పిల్లల వార్డులో ఒక పూట కూర్చోబెడతాం. మనిషి తెలిస్తే చీటీ చదువుతారు.

8. సంచి, రిజిస్టరు

సంచిలో థర్మామీటరు, జోలె త్రాసు, సెకన్ల ముల్లున్న గడియారం, జబ్బ టేపు, ఓఆర్ఎస్, జింకు, పారాసిటమాల్, ఐరన్ మాత్రలు, మలేరియా కిట్లు, మందులు, సబ్బు, టార్చి. నింపే బాధ్యత ఒక మనిషి పేరు మీద ఉండాలి. మందు లేని కార్యకర్త దగ్గరికి జనం రెండుసార్లు వస్తారు, మూడోసారి రారు.

రిజిస్టరు ఒకటే, బొమ్మలతో. అందులోంచి కాన్పులు, పుట్టిన బిడ్డలు, చనిపోయినవాళ్లు, పంపిన కేసులు తెలిస్తే సరిపోతుంది.

9. వెనక నిలబడే మనిషి

ప్రతి పదిహేను మంది కార్యకర్తలకు ఒక పర్యవేక్షకురాలు ఉండాలి. నెలకు రెండుసార్లు ఒక్కొక్కరి గూడేనికి నడిచి వెళ్లాలి. రిజిస్టరు చూసి సంతకం పెట్టి వచ్చేయడం కాదు, ఆమెతో కలిసి మూడు ఇళ్లకు వెళ్లాలి. ఆమె ఊపిరి లెక్కపెడితే తనూ లెక్కపెట్టి పోల్చాలి. తప్పులుంటే తల్లి ముందు దిద్దకూడదు, దారిలో నడుస్తూ చెప్పాలి. నెల సమావేశం సంత రోజున పెడితే ఎవరికీ పని చెడదు, సరుకులూ మందులూ ఒకే నడకలో ఇంటికి చేరతాయి.

ఒక మరణం జరిగితే వారంలోపు వెళ్లండి. పంచనామాలా అడగకుండా, రోజువారీగా ఏం జరిగిందో ఇంటివాళ్లతో, కార్యకర్తతో కూర్చుని మాట్లాడండి. ఎక్కడ ఆలస్యమైంది: గుర్తించడంలోనా, బయల్దేరడంలోనా, దారిలోనా, ఆస్పత్రిలోనా? తన చేతిలో మొదటి బిడ్డ పోయినప్పుడు ఆమె పని మానేద్దామనుకుంటుంది. ఆ వారం మీరు పక్కన లేకపోతే మానేస్తుంది కూడా.

10. డబ్బు

సేవ అని పేరు పెట్టి పేద ఆడమనిషి రోజును ఉచితంగా తీసుకోవడం అన్యాయం. ఆంధ్రప్రదేశ్‌లో ఆశాలకు 2019 నుంచి నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం ఉంది, దానికీ ఎన్నో ఏళ్ల పోరాటం పట్టింది. మీరంత ఇవ్వలేకపోతే గంటలు తగ్గించండి, ఆ గంటలకు ఉపాధి హామీ కూలికి తక్కువ కాకుండా ఇవ్వండి. శిక్షణ రోజులకు, కేసుతో ఆస్పత్రికి వెళ్లిన రోజులకు కూలి, ఛార్జీలు విడిగా. కేసుకింత అని మాత్రమే కట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. కేసులకే డబ్బు అంటే డబ్బు రాని ఇళ్లకు వెళ్లడం తగ్గుతుంది. తారీఖు తప్పకుండా ఇవ్వడం మొత్తం ఎంతన్నదానికన్నా ముఖ్యం.

11. పరీక్ష, రెండో ఏడాది

ఏడాది చివర రాత పరీక్ష పెట్టకండి. ఆరు బల్లలు వేసి ఒక్కో దాని దగ్గర ఒక్కో పని చేయించండి: ఊపిరి లెక్క, ఓఆర్ఎస్ కలపడం, బిడ్డ బరువు, మలేరియా కిట్, గర్భిణికి ప్రమాద సూచనలు చెప్పడం, పంపే చీటీ. రాని పని మళ్లీ నేర్పి నెల తర్వాత మళ్లీ చూడండి. పాసైన రోజున గూడెంలోనే, అందరి ముందు, పీహెచ్‌సీ డాక్టర్ చేతుల మీదుగా సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇప్పించండి. ఆస్పత్రి గేటు దగ్గర ఆమెకు పనికొచ్చేది ఆ కార్డే.

రెండో ఏడాది కొత్త గుంపు మొదలైనప్పుడు, మొదటి గుంపులోంచి ఇద్దరిని నేర్పేవాళ్లుగా కూర్చోబెట్టండి, దానికి వేరే కూలి ఇవ్వండి. ఊపిరి లెక్క పాఠం వాళ్లకే అప్పగించండి. పోయిన విడతలో, మొదట 36 అని చెప్పినామె కొత్తవాళ్ల పక్కన కూర్చుని, ఏమీ అనకుండా ముందు తువ్వాలు తీసి పక్కన పెట్టింది.